పెట్టె మీద పచ్చ లైటు

అత్వెల్లి చౌరస్తాలో కట్టిన ఫ్లెక్సీ మీద వర్ష నవ్వుతూ ఉంది. సరిగ్గా ఆ సమయానికి అసలు వర్ష కాలేజీలో ప్లేస్‌మెంట్ ఆఫీసు ముందు నిలబడి పళ్లు నూరుతోంది. ఫ్లెక్సీలో ఆమె ఫొటో కింద జీతం అంకె ఎర్రగా వేశారు. అన్నిటికంటే పైన, బారెడు అక్షరాల్లో ‘వంద శాతం ఉద్యోగాలు’. మొన్నమొన్నటిదాకా ఉత్త ఇంజనీరింగ్ కాలేజీగా ఉండి, ఈమధ్యే గేటు మీద యూనివర్సిటీ అని రాయించుకున్న ఆ సంస్థకు వంద అంటే మహా ప్రీతి. తొంభై తొమ్మిది వాళ్ల కంటికి ఆనదు.

నోటీసు బోర్డు మీద ఇంకో కాగితం ఉంది. శామీర్‌పేట అవతల మందుల ఫ్యాక్టరీలకు విషవాయువుల్ని పసిగట్టే మీటర్లు తయారుచేసే కంపెనీ వాళ్లు గురువారం వస్తున్నారు. రాష్ట్రస్థాయి పోటీలో మొదటి బహుమతి కొట్టిన గాలి మీటరును చూసి, దాన్ని చేసిన జట్టులోంచి ఒకరిని తీసుకుంటారు. జట్టంటే ఇద్దరే, వర్ష, రఘునందన్. కాగితం మీద వర్ష పేరుకు అడ్డంగా నీలం ఇంకుతో గీత కొట్టి ఉంది. స్కేలు పెట్టి మరీ కొట్టారు.

“నువ్వు ప్లేస్డ్ కదమ్మా” అన్నాడు ప్లేస్‌మెంట్ ఆఫీసర్ మధుసూదన్, కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండా. “ఒక స్టూడెంట్‌కి ఒకే ఉద్యోగం. రూల్ నీకు తెలీదా?”

“ఏం ఉద్యోగం సార్? ఎనిమిది నెలల కింద ఒక కాగితమిచ్చిన్రు. జాయినింగ్ తారీఖు తర్వాత చెప్తమన్నరు. ఫోన్ జేస్తే ఎత్తుతనే లేరు.”

“ఆఫర్ లెటర్ అన్నాక ఆఫరే. దాని మీద నీ సంతకముంది.”

“సంతకం బెట్టకుంటే హాల్‌టికెట్ ఇయ్యమన్నరు గద సార్.”

అప్పుడు తల తిప్పాడు. మధుసూదన్‌కు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. “ఫ్లెక్సీ చూశావా? మీ ఊరి చౌరస్తాలోనే కట్టించాను. మీ నాన్న ఫోన్ చేసి ఎంత సంబరపడ్డాడో తెలుసా? సార్, మీ కాళ్లు మొక్కుతా అన్నాడు. నేనిప్పుడు ఆయనకు ఫోన్ చేసి, మీ అమ్మాయికి ఉద్యోగం లేదట, వద్దంటోంది అని చెప్పనా?”

వర్షకు ఒళ్లు మండింది. నాయినను అడ్డం పెట్టుకుని మాట్లాడతాడని ఆమె అనుకోలేదు.

“మీటరు యూనివర్సిటీది” అన్నాడు మధుసూదన్ మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగి. “బుధవారం సాయంత్రం రఘునందన్‌కి అప్పగించు. గురువారం ఆ చుట్టుపక్కల కనపడకు.”

*

మంగళవారం తెల్లవారుజామున అత్వెల్లిలో వర్ష తండ్రి సిద్దిరాములు పాలకూర మళ్లో గొంతుక్కూర్చుని కోస్తున్నాడు. ఎడమచేత్తో పిడికెడు ఆకు ఒడిసిపట్టి, కొడవలి మొనను కాడ మొదట్లో ఆనించి ఒక్క గుంజు గుంజుతాడు. నాలుగు పిడికిళ్లయితే ఒక కట్ట. పురికొస చుట్టి, కొస లోపలికి దోపి, గట్టు మీదకు విసురుతాడు. మేడ్చల్ మార్కెట్‌కు ఆరున్నరకల్లా చేరాలి. ఆ తర్వాత చేరిన కూరను ఎవడూ అడగడు.

వర్ష గాలి మీటరును, రెండరచేతులంత పెట్టెను, రెండు చేతుల్లో పట్టుకుని గట్టు వెంట నడిచొచ్చింది. రాత్రంతా కరెంటుకు తగిలించి ఉంచడంతో లోపలి సెన్సారు బాగా కాగి ఉంది. అలా కాగితే తప్ప అది గాలిని సరిగా పసిగట్టదు. ఇప్పుడిక దానికి సున్నా చూపించాలి. ఇదిగో, మంచిగాలంటే ఇది, దీన్నిబట్టి మిగతాదంతా కొలుచుకో అని నేర్పాలి. అందుకొక బటన్ ఉంది, పది లెక్కపెట్టేదాకా నొక్కి పట్టాలి. బటన్ నొక్కడం చిన్నపిల్లలకైనా వస్తుంది. నొక్కినప్పుడు చుట్టూ ఉన్న గాలి మంచిదై ఉండాలి, కష్టమంతా అక్కడుంది. కాలేజీలో ఆ గాలి దొరకదు. జవహర్‌నగర్ చెత్తకుప్ప మీంచి వీచే గాలి నేరుగా వాళ్ల ల్యాబు కిటికీలోకే వస్తుంది. అందుకే ఏ పోటీకి వెళ్లాలన్నా ముందురోజు పొద్దున్నే ఆమె ఇక్కడికి, ఈ పాలకూర మళ్లోకి వచ్చేది.

“బీడీ ఆర్పు నాయినా.”

“ఆర్పిన ఆర్పిన” అంటూ సిద్దిరాములు బీడీని మట్టిలో గుచ్చాడు. ఇది వాళ్లిద్దరికీ అలవాటైన తంతే. “గీ పెట్టెకు నా బీడీ అంటే మస్తు కోపం. మీ అవ్వకు కూడ గంత లేకుండె.”

వర్ష నవ్వలేదు. పది లెక్కపెట్టి బటన్ వదిలింది. పచ్చ లైటు వెలిగింది.

“చౌరస్తాల నీ ఫొటో జూసినవా?” కట్ట కడుతూనే అడిగాడు సిద్దిరాములు. “నిన్న మార్కెట్ల అందరికి జెప్పిన. కూరగాయల ఎంకటమ్మ అయితే, నా మనుమరాలికి గూడ గదే కాలేజీ జూడుమన్నది. కొత్తిమీర రెండు కట్టలు ఉత్తగనే ఇచ్చిన.”

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. ఆయన కొడవలి పట్టిన చేతి చూపుడువేలికి ఆకు పసరు పట్టి నల్లబడి ఉంది. ఆ వేలితోనే నిన్న మార్కెట్లో ఫ్లెక్సీ వైపు చూపించి ఉంటాడు.

“జల్దీ పో నాయినా, ఆలస్యమైతాంది” అంది.

*

బుధవారం సాయంత్రం ల్యాబులో పెట్టె ఎర్రగా వెలుగుతోంది.

రఘునందన్ దాని చుట్టూ తిరుగుతున్నాడు. శామీర్‌పేట దగ్గర కొత్త కాలనీలో వాళ్ల ఇల్లు. తండ్రి జోగారావు కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. కుర్రాడు చెడ్డవాడేం కాదు, కష్టం తెలియనివాడు. స్లైడ్లు, ఫోన్‌లో రీడింగ్ చూపించే యాప్ ఇంట్లో కూర్చుని చేశాడు, బాగానే చేశాడు. ల్యాబుకు వచ్చింది మాత్రం తక్కువ. ఇప్పుడు యూనివర్సిటీ ముద్ర వేసిన కొత్త డబ్బా తెచ్చి, లోపలి వైర్లన్నీ అందులోకి మార్చాడు.

“ఏంటిది, ఎర్ర లైటు పోవట్లేదు” అన్నాడు. “వైర్లు మార్చడంలో ఏమన్నా తేడా చేశానంటావా?”

ల్యాబ్ అసిస్టెంట్ ఎల్లేష్ తెరిచి పెట్టిన రిజిస్టరులో వర్ష అప్పగింత వివరాలు రాస్తోంది. సెన్సారు ఒకటి. బోర్డు ఒకటి. బ్యాటరీ ఒకటి.

ఎల్లేష్ ఆమె దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు. ఆయనది జవహర్‌నగర్‌లోనే ఇల్లు, నాలుగేళ్లుగా ఆ పిల్ల పనిని చూస్తున్నవాడు. “పొలం ముచ్చట జెప్పినవా గా పిలగానికి?”

“రఘునందన్ అడగలే. నేను జెప్పలే.”

“అట్లెట్ల బిడ్డా?”

“పేరు కొట్టేసినోళ్లకు నేనేం జెప్పాలె అన్నా?”

అప్పుడే మధుసూదన్ వచ్చాడు. రేపటి అతిథులకు పూలగుత్తులు, బిస్కెట్లు, బ్యానర్ అన్నీ సరిచూసుకుంటూ వచ్చినవాడు పెట్టెను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. “ఇదేంటయ్యా, మన క్యాంపస్‌లో ఎర్ర లైటు? వచ్చినవాళ్లు ఏమనుకుంటారు? పచ్చది వెలిగించు.”

“జీరో చెయ్యాలేమో సార్” అన్నాడు రఘునందన్. అని వర్ష వైపు చూశాడు. అడగాలనే చూశాడు. ఆమె తల ఎత్తితే చాలు, అడిగేవాడు.

వర్ష తల ఎత్తలేదు. పెట్టె చెప్తున్నది నిజమని ఆమెకు తెలుసు. ఎర్ర లైటు నిజం. ఆ గదిలో ఉన్న గాలి పాడుగాలి. ‘పనిచేసే స్థితి’ అన్న గడిలో ‘బాగుంది’ అని రాసింది, కింద సంతకం పెట్టింది.

రఘునందన్ కిటికీ పక్కన నిలబడి బటన్ నొక్కిపట్టాడు. ఒకటి, రెండు, మూడు… పదో అంకెకు పచ్చ లైటు వెలిగింది.

“అదీ!” అన్నాడు మధుసూదన్. “ఇంతకాలం ఈ అమ్మాయి ఎందుకు తిప్పలు పడిందో ఏమో.”

వర్ష బ్యాగు భుజాన వేసుకుని బయటికి నడిచింది. మెట్లు దిగుతుంటే లోపల ఏదో తీపిగా, కసిగా అనిపించింది. కానివ్వండి, రేపు తెలుస్తుంది మీకు అనుకుంది.

*

గురువారం పదిన్నరకు కంపెనీ వాళ్లు వచ్చారు. ముందు నడిచినావిడ పేరు పద్మలత. యాభై దాటిన మనిషి, నేత చీర, కాళ్లకు ఫ్యాక్టరీలో వేసుకునే నల్లటి బూట్లు. కారు దిగిన క్షణం నుంచి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే ఉంది. వెనకొచ్చిన ఇద్దరూ చేతిరుమాళ్లు తీశారు.

వర్ష మెట్ల దగ్గర స్తంభం పక్కన నిలబడి ఉంది. కనపడొద్దన్న మాట చెవిన పెట్టలేదు. చూడాలి, తన కళ్లతో చూడాలి.

ల్యాబు ముందు వరండాలో బల్ల వేసి, దాని మీద తెల్ల గుడ్డ పరిచి, మధ్యలో పెట్టెను పెట్టారు. రఘునందన్ స్లైడ్లు చూపించాడు, చక్కగా మాట్లాడాడు. చివర్లో పెట్టె వైపు తిరిగి, “ప్రస్తుతం ఇక్కడి గాలి” అన్నాడు. తెర మీద సున్నా. పెట్టె మీద పచ్చ లైటు.

పద్మలత ఆ సున్నాను చూసింది. ముక్కు మీది కొంగు తీయకుండానే రఘునందన్‌ను చూసింది.

“ఇది పనిచేస్తోందా బాబూ?”

“చేస్తోందండి. మొదటి బహుమతి వచ్చింది.”

“మరి ఈ వాసన సంగతేంటి?”

“ఏ వాసనండి?” అన్నాడు రఘునందన్. నిజంగానే తెలియక అడిగాడు.

“ఇక్కడ వాసనేం లేదు మేడమ్” అన్నాడు మధుసూదన్, పూలగుత్తి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ. ఆయనా అబద్ధం ఆడలేదు. తొమ్మిదేళ్లుగా ఆ గాలి పీలుస్తున్న ముక్కు ఆయనది, ఎప్పుడో చచ్చిపోయింది. కంపెనీ వాళ్లలో ఒకడికి నవ్వాగలేదు, దగ్గులా మార్చి కప్పిపుచ్చుకున్నాడు.

“జీరో ఎక్కడ చేశారు?”

“ల్యాబులోనేనండి. నిన్న సాయంత్రం.”

“కిటికీలు తెరిచున్నాయా?”

“…ఉన్నాయండి.” అప్పటికి రఘునందన్‌కు అర్థమైంది. ముఖం పాలిపోయింది. “ఇంతకుముందు జీరో నేను చెయ్యలేదండి. వర్ష చేసేది. సెన్సారు పనంతా తనదే.”

ఆ మాట అతను అనాల్సిన అవసరం లేదు. అన్నాడు. వర్షకు అది నచ్చలేదు, అతను మంచివాడని ఇప్పుడు తెలియడం ఆమెకు అక్కర్లేదు.

ఎల్లేష్ గడ్డంతో స్తంభం వైపు చూపించాడు. పద్మలత రమ్మని చెయ్యి ఊపింది. ఇదే ఆమె ఎదురుచూసిన ఘడియ. నిన్న సాయంత్రం నుంచి మనసులో ఆడించుకున్న నాటకంలో ఈ తర్వాత అందరూ తల దించుకుంటారు.

“నువ్వెక్కడ చేసేదానివి జీరో?”

“అత్వెల్లిల మేడమ్. మా నాయిన పాలకూర మడిల. పొద్దుగాల ఐదున్నరకు, బండ్లు తిరగకముందు. ముందురోజు రాత్రి సంది సెన్సార్ కాగబెట్టి తీస్కపోత.”

“బాగుంది” అంది పద్మలత. నిజంగానే బాగుందన్నట్టు తలూపింది కూడా. “నిన్న ఇతను ఇక్కడ నొక్కుతుంటే నువ్వున్నావా?”

వర్ష గతుక్కుమంది. “ఉన్న.”

“చూశావా?”

“చూసిన.”

“చెప్పలేదేం?”

“నా పేరు కొట్టేసిన్రు మేడమ్.”

పద్మలత ముక్కు మీంచి కొంగు తీసింది. ఆ ముఖంలో జాలి లేదు. “కొట్టేసినవాళ్ల మీద నీకు కోపం ఉండాలె, ఉంటది. వాళ్లతోని కొట్లాడు. మీటరు నీకేం జేసింది? మా మీటరు ఎక్కడుంటదో తెలుసా? ట్యాంకు కడగడానికి లోపలికి దిగే మనిషి నడుముకుంటది. వాడు ఇంగ్లీషు చదవడు, అంకెలు చూడడు. పచ్చ లైటు చూసి దిగుతడు. ఆ లైటు తప్పని తెలిసి కూడా ఒకరు గమ్మున నిలబడితే, వాడు మళ్లా పైకి రాడు.”

తల దించుకున్నది ఆమే.

“రేపు తొమ్మిదికి మా ఆఫీసుకు ఇద్దరూ రండి” అంది పద్మలత, సంచి సర్దుకుంటూ. “పెట్టెకు జీరో మంచిగ జేసి తేవాలె. ఉద్యోగం ఇస్తనని చెప్తలేను. ఇంకోటి, నీకు ఇదివరకే ఉద్యోగం వచ్చిందని వీళ్ల లిస్టుల ఉంది. అట్లాంటోళ్లను మేం తీసుకోం. అది నిజమైతే రాకు. కాకపోతే కాదని కాగితం పట్టుకరా.”

*

“రాసివ్వను” అన్నాడు మధుసూదన్. గొంతు బాగా తగ్గి ఉంది. “చేసిన ఘనకార్యం చాలు.”

“అయితే ఇప్పుడు ఫోన్ జేయుండ్రి సార్. నాకు ఉద్యోగమిచ్చిన కంపెనీకి. స్పీకర్ బెట్టి జేయుండ్రి. ఎప్పుడు రమ్మంటరో అడుగుండ్రి. సోమవారం రమ్మంటే సోమవారమే పోత. మీకు దండం బెట్టి పోత.”

వర్ష ఆఫర్ లెటర్ బల్ల మీద పెట్టింది. మడతల దగ్గర నలిగి చిరుగు పట్టిన కాగితం. మధుసూదన్ కాగితం వంక చూశాడు, ఫోను వంక చూశాడు. గాజు తలుపు అవతల నలుగురు పిల్లలు నిలబడి ఇటే చూస్తున్నారు. వాళ్ల దగ్గర కూడా అదే కంపెనీ కాగితాలున్నాయని ఆయనకు తెలుసు. అంకెలు నొక్కాడు. మీరు ప్రయత్నిస్తున్న నంబరు ప్రస్తుతం వాడుకలో లేదు, అని చెప్పింది ఫోను. అదే ముక్క హిందీలో, ఇంగ్లీషులో కూడా చెప్పేదాకా ఇద్దరూ విన్నారు.

“నీ ఒక్కదానివల్ల వంద శాతం పోతుంది” అన్నాడు చివరికి.

“పోనీయుండ్రి.”

“ఏమని రాయాలి?”

“ఈ విద్యార్థినికి నేటివరకు ఉద్యోగం రాలేదు అని రాయుండ్రి.”

ఆయన రాశాడు. ముద్ర కొట్టేటప్పుడు బల్ల అదిరేలా కొట్టాడు. వర్ష కాగితం అందుకుని చదువుకుంది. పట్టుబట్టి తెచ్చుకున్న కాగితమే, అయినా ఆ వాక్యం చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ల్యాబు దగ్గర రఘునందన్ పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. “పొలానికి నేనూ రానా?” అన్నాడు.

“అక్కర్లేదు” అంది వర్ష. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది. “రాత్రంతా కాగాలె. పొద్దుగాల, మంచి గాలిల చెయ్యాలె. పొగ, బండ్లు ఏం ఉండొద్దు. ఇంకోసారి నువ్వే చేయవల్సొస్తే యాదుంచుకో.” ఎల్లేష్ రిజిస్టరులో సంతకం పెట్టి పెట్టెను తీసుకుంది.

*

శుక్రవారం తెల్లవారింది. సిద్దిరాములు కోతలో ఉన్నాడు. వర్ష గట్టు మీద నిలబడి, పెట్టె కింద పెట్టకుండానే చెప్పేసింది.

“నాయినా, నాకు ఉద్యోగం రాలే. గా ఫ్లెక్సీ మీద ఉన్నది అబద్ధం.”

కొడవలి ఆగింది. “ఏందీ?”

అంతా చెప్పింది. కాగితం తీసి చూపించింది. ముద్ర వేసిన వాక్యాన్ని వేలు పెట్టి చదివి వినిపించింది. ఇవాళ తొమ్మిదికి కంపెనీకి వెళ్తున్నానని, అక్కడ కూడా ఇస్తారో ఇవ్వరో తెలియదని చెప్పింది.

సిద్దిరాములు లేచి నిలబడ్డాడు. చేతిలో ఉన్న పిడికెడు పాలకూర అలాగే ఉంది. “ఎన్నాళ్ల సంది తెలుసు నీకు?”

“ఫ్లెక్సీ కట్టిన నాటి సంది.”

“నేను మార్కెటంత తిరిగి చెప్తాంటె నువ్వు సూస్తనే ఉన్నవ్. మొన్న గీడ్నే, గిదే గట్టు మీద అడిగిన. ఒక్క ముక్క చెప్పకపోతివి. వాడు ఫ్లెక్సీ కడితే కట్టిండు, వాడు పరాయోడు. నువ్వెందుకు చెప్పలే బిడ్డా?”

నిన్న వరండాలో అడిగిన ప్రశ్నే ఇది.

“తప్పయింది నాయినా.”

ఆయన కాగితం వైపు మళ్లీ చూడలేదు. కూతురి ముఖం వైపు అసలే చూడలేదు. చేతిలో పాలకూరను గట్టు మీదకు విసిరి, చెవి మీంచి బీడీ తీసి పెదాల మధ్య పెట్టుకున్నాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. పుల్ల బయటికి లాగాడు.

అక్కడ ఆగాడు. పెట్టె వైపు చూశాడు. పుల్లను మళ్లీ అగ్గిపెట్టెలో పెట్టి మూసి, వర్షకు వీపు తిప్పి, మడి దాటి, కొత్తిమీర మడి కూడా దాటి, గాలి అటువైపు పోయే కొస గట్టు దాకా నడిచాడు. వెలగని బీడీ నోట్లోనే ఉంది. అక్కడ అటు తిరిగి గొంతుక్కూర్చున్నాడు.

వర్ష బటన్ నొక్కిపట్టింది. పది దాకా లెక్కపెట్టింది. పచ్చ లైటు వెలిగింది. నమ్మకం చాలక, తన వెంట తెచ్చుకున్న అగ్గిపెట్టెలోంచి పుల్ల తీసి పక్కన గీసి చూసింది. ఎర్రగా మారింది. పొగ పోయాక కాసేపటికి మళ్లీ పచ్చగా అయింది.

“అయ్యిందా?” కొస గట్టు మీంచి అరిచాడు సిద్దిరాములు, వెనక్కి తిరక్కుండానే.

“అయ్యింది నాయినా.”

అప్పుడు బీడీ వెలిగించుకున్నాడు.